ఓడ కాస్త మెల్లగా నడిస్తే...

నేనేం ఉద్యోగం చేస్తానని మా ఊళ్లో ఎవరైనా అడిగితే "ఓడలకు దారి చెప్పే సాఫ్ట్‌వేర్ రాస్తాను" అంటాను. "సముద్రంలో దారేంటి, ఎటు చూసినా నీళ్లే కదా" అని నవ్వుతారు. కానీ అక్కడా దారులుంటాయి. గాలి ఎటు వీస్తోంది, అలలు ఎంత ఎత్తున్నాయి, ప్రవాహం ఎదురొస్తోందా కలిసొస్తోందా, ఫలానా రేవుకి ఎన్నింటికి చేరాలి, దానికి ఎంత ఆయిల్ కాలుతుంది... ఇవన్నీ లెక్కేసి కెప్టెన్‌కి ఒక సలహా ఇవ్వడమే మా ప్రోగ్రామ్ పని. మాదాపూర్‌లో ఏసీ కింద కూర్చుని నేను రాసే నాలుగు లైన్ల కోడ్ వల్ల ఎక్కడో హిందూ మహాసముద్రంలో ఓ ఓడ కాల్చే నూనె మారుతుంది. ఆలోచిస్తే నాకే వింతగా ఉంటుంది.

మా ఇంట్లో ఓడల మాట కొత్తది కాదు. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన ఊరు. మా బాబాయి పద్దెనిమిదేళ్లు సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేశాడు. వైపర్‌గా చేరి మోటర్‌మ్యాన్ అయ్యాడు. తొమ్మిది నెలలు ఓడ మీద, మూడు నెలలు ఇంట్లో. నా బీటెక్ ఫీజులో సగం ఆయన పంపిన డాలర్లే. అందుకే "ఓడలు చెడ్డవి, ఆపేయాలి" అని నేను అనలేను. అలాగని ఆయన దగ్గు విననట్టు ఊరుకోనూలేను. సిగరెట్ ముట్టని మనిషి, రాత్రి రెండింటికి లేచి కూర్చుని దగ్గుతాడు. ఫలానా దాని వల్లే అని ఏ డాక్టరూ చెప్పలేదు. కానీ ఆయన ఏ గాలి పీల్చాడో నాకు తెలుసు.

ఓడ తాగేది ఏంటి?

మన బండి తాగే పెట్రోల్ లాంటిది కాదు పెద్ద ఓడ తాగేది. రిఫైనరీలో పెట్రోల్, డీజిల్, కిరోసిన్ అన్నీ తీసేశాక అడుగున మిగిలే చిక్కటి నల్లటి నూనె అది. హెవీ ఫ్యూయల్ ఆయిల్ అంటారు. చల్లగా ఉంటే తారులా బిగుసుకుపోతుంది. ఇంజిన్‌లోకి పంపాలంటే నూరు డిగ్రీలు దాటించి వేడి చేయాలి. అంతకుముందు ప్యూరిఫయర్ అనే యంత్రంలో గిరగిరా తిప్పి మురికినీ నీళ్లనీ విడగొట్టాలి. బాబాయి డ్యూటీలో సగం ఆ ప్యూరిఫయర్ గదిలోనే. "కొలిమి పక్కన తారు డబ్బా పెట్టుకుని కూర్చున్నట్టుంటాదిరా" అనేవాడు.

ఆ నూనెలో సల్ఫర్ ఎక్కువ. 2020 జనవరి 1 దాకా 3.5 శాతం వరకు ఉండొచ్చని రూల్. ఆ రోజు నుంచి దాన్ని 0.5 శాతానికి దించారు. దించింది ఐఎంఓ, అంటే ఐక్యరాజ్యసమితి కింద ఓడల సంగతి చూసే అంతర్జాతీయ సంస్థ. బాబాయి చివరి రెండు కాంట్రాక్టులూ ఆ తర్వాతవే. "వాసనలోనే తేడా తెలిసింది" అంటాడు. ఎక్కడో లండన్‌లో మీటింగు పెట్టి రాసుకున్న ఓ కాగితం మా బాబాయి ముక్కుదాకా వచ్చిందన్నమాట. రూల్స్ వల్ల ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు నేను ఈ మాటే చెబుతాను.

అయితే ఇందులోనూ ఒక సందు దొరికింది. శుభ్రమైన నూనె కొనడం ఖరీదని కొన్ని ఓడలు చిమ్నీలో స్క్రబ్బర్ పెట్టించుకున్నాయి. సముద్రపు నీటితో పొగను కడుగుతుంది అది. పొగలో సల్ఫర్ తగ్గుతుంది, నిజమే. కానీ చాలా స్క్రబ్బర్లలో ఆ కడిగిన నీళ్లు పోయేది మళ్లీ సముద్రంలోకే. ఇల్లు ఊడ్చి చెత్త పక్కింటి గుమ్మంలో పోసినట్టు. అందుకే చాలా రేవులు తమ నీళ్లలో ఇలాంటి స్క్రబ్బర్లు వాడొద్దని నిషేధం పెట్టాయి.

80 శాతం సరుకు, 3 శాతం పొగ

ఓడల్ని తిట్టే ముందు ఒక లెక్క చూడాలి. దేశాల మధ్య జరిగే వ్యాపారంలో, పరిమాణం ప్రకారం, 80 శాతానికి పైగా ఓడల మీదే సాగుతుంది. మన వంటింట్లో పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడెక్కి కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవుల్లో దిగుతుంది. స్టీల్ ప్లాంట్‌కి కోకింగ్ కోల్ ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. గోదావరి జిల్లాల రొయ్య అమెరికా పళ్లెంలోకి వెళ్లేదీ ఓడలోనే. టన్ను సరుకును కిలోమీటరు దూరం మోయడానికి అయ్యే పొగ చూస్తే లారీ కంటే, విమానం కంటే ఓడ చాలా నయం.

మరి గొడవేంటి? మొత్తం కలిపితే చాలా పెద్దది కావడమే. ఐఎంఓ అధ్యయనం ప్రకారం 2018లో ఓడల నుంచి వెలువడిన గ్రీన్‌హౌస్ వాయువులు దాదాపు 107 కోట్ల టన్నులు. మనుషుల వల్ల ప్రపంచంలో వెలువడేదాంట్లో 2.89 శాతం. ఓడలన్నీ కలిసి ఓ దేశమైతే, ఎక్కువ పొగ వదిలే దేశాల జాబితాలో పైవరుసలో ఉండేది.

పదో తరగతి లెక్క ఒకటి

దీన్ని తగ్గించాలంటే కొత్త ఇంధనాలు, కొత్త ఇంజిన్లు, వేల కోట్లు కావాలి. అన్నీ నిజమే. కానీ పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. మెల్లగా వెళ్లడం.

ఓడకు కావాల్సిన శక్తి దాదాపుగా వేగానికి ఘనంగా పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు చేస్తే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. తిరగేస్తే, వేగం 10 శాతం తగ్గిస్తే 0.9 ఇంటూ 0.9 ఇంటూ 0.9, అంటే 0.729. గంటకు కాలే నూనె 27 శాతం తగ్గిపోతుంది!

ఓ ఉదాహరణ వేసుకుందాం. 5,000 నాటికల్ మైళ్లు రావాల్సిన బొగ్గు ఓడ. 13 నాట్ల వేగంతో వస్తే 16 రోజులు. రోజుకు 30 టన్నుల చొప్పున 480 టన్నుల నూనె. అదే 11.7 నాట్లతో వస్తే దాదాపు 18 రోజులు పడుతుంది. రోజులు పెరిగినా మొత్తం కాలేది సుమారు 390 టన్నులే. 90 టన్నుల నూనె మిగిలినట్టు. టన్ను నూనె కాలిస్తే 3.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఒక్క ట్రిప్పులో 280 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోకుండా ఆగుతుంది. అలలు, గాలులు కలిస్తే లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. కానీ దారి ఇదే.

2008 ఆర్థిక మాంద్యంలో కంపెనీలు డబ్బు మిగుల్చుకోడానికి చేసింది కూడా ఇదే. స్లో స్టీమింగ్ అని దానికి పేరు కూడా పెట్టారు.

మొదటిసారి ఈ లెక్క చూసినప్పుడు నాకు వచ్చిన డౌటే మీకూ వచ్చి ఉంటుంది. ఇంత తేలికైతే అందరూ మెల్లగానే వెళ్లొచ్చుగా?

ముందొచ్చినోడిదే బెర్తు

జవాబు బాబాయి చెప్పాడు. "ఒరేయ్, రేవులో ముందొచ్చి లంగరేసినోడికే ముందు బెర్తు. లైన్లో ముందుండాలంటే పరిగెత్తాల. పరిగెత్తి పరిగెత్తి వచ్చి, బయట ఐదు రోజులు, పది రోజులు నిలబడిపోతాం."

చాలా రేవుల్లో పద్ధతి ఇదే. ఓడ వచ్చి "నేను రెడీ" అని నోటీసు ఇస్తేనే వరుసలో నంబరు. అద్దెకిచ్చిన ఓనరు "వీలైనంత తొందరగా" చేరుస్తానని ఒప్పందంలో సంతకం పెట్టి ఉంటాడు. మెల్లగా వెళ్తే ఒప్పందం తప్పినట్టు. వెళ్లాక ఖాళీగా నిలబడితే డెమరేజ్ పేరుతో రోజుకింత అని డబ్బులొస్తాయి. అంటే తొందరపడి నూనె తగలేసినందుకు నష్టం లేదు, ఆలోచించి మెల్లగా వచ్చినందుకే నష్టం. ఇంకో చిక్కేంటంటే, ఆగి ఉన్న ఓడలో కూడా లైట్లకు, పంపులకు, ఏసీలకు జనరేటర్ తిరుగుతూనే ఉంటుంది. "ఓడ ఆగితే ఇంజినూ ఆగిపోద్దనుకున్నావేటి?" అన్నాడు బాబాయి.

దీనికి మందు మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. తిరుమల. ఒకప్పుడు దర్శనానికి అందరూ ముందే వెళ్లి కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చునేవాళ్లు. తర్వాత టైం స్లాట్ టోకెన్లు వచ్చాయి. టోకెన్ ఉంటే మీ టైముకే వెళ్లొచ్చు, అప్పటిదాకా పిల్లలకు టిఫిన్ పెట్టుకోవచ్చు. ఓడల భాషలో దీన్నే జస్ట్ ఇన్ టైమ్ అంటారు. రేవు ముందే "నీ బెర్తు ఫలానా రోజు ఉదయం ఆరింటికి" అని చెబితే, ఓడ ఆ టైముకు సరిపడా వేగంతో వస్తుంది. కంటైనర్ ఓడలు ప్రయాణం మొత్తం ఇలా సర్దుకుంటే ఒక్కో ట్రిప్పుకి సగటున 14 శాతం దాకా ఇంధనం మిగులుతుందని ఐఎంఓ తరఫున 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

గుంపుగా ఆగి ఉండటంలో ప్రమాదం కూడా ఉంది. 2020 అక్టోబర్‌లో వాయుగుండం గాలులకు ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ వైజాగ్ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది గుర్తుందా? మనందరం సెల్ఫీలు దిగాం. అంతకు చాలా ముందే, 2007 జూన్‌లో, ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ రేవు బయట బొగ్గు కోసం ఎదురుచూస్తున్న పాషా బల్కర్ అనే పెద్ద ఓడ తుఫానులో బీచ్ మీదికొచ్చి పడింది. అప్పుడు అక్కడ డజన్లకొద్దీ ఓడలు క్యూలో ఉన్నాయి. తర్వాత కొన్నేళ్లకు ఆ రేవులో ముందుగానే వంతు కేటాయించే పద్ధతి తెచ్చారు. పరిగెత్తుకొచ్చి బయట నిలబడాల్సిన పని తగ్గింది.

ఒక టిక్ మార్కు కోసం గొడవ

మా ఆఫీసులో జరిగింది చెబుతాను. మా ప్రోగ్రామ్‌లో కొత్త ప్రయాణం తెరవగానే రెండు ఆప్షన్లు కనిపిస్తాయి. ఒకటి "వీలైనంత తొందరగా", రెండోది "బెర్తు టైముకు". టిక్ మార్కు ఎప్పుడూ మొదటిదాని మీదే ఉండేది. చాలామంది దాన్ని మార్చరు. ఫోన్ కొన్నాక రింగ్‌టోన్ మార్చనివాళ్లు ఎంతమంది లేరు!

ఆ టిక్ రెండోదాని మీదికి మార్చుదామని మా నలుగురు టీమ్ అడిగాం. "కస్టమర్ అడగలేదు కదా" అన్నారు పైవాళ్లు. మూడు నెలలు మీటింగులు. చివరికి టిక్ అక్కడే ఉంచి, పక్కన ఒక లైను చూపించడానికి ఒప్పుకున్నారు: "ఈ ఆప్షన్ వల్ల అదనంగా కాలే ఇంధనం ఇన్ని టన్నులు, ఖర్చు ఇన్ని డాలర్లు." పర్యావరణం అనే మాట కూడా లేదు అందులో. అయినా ఆ లైను చూసి వేగం తగ్గించిన ప్రయాణాలు డ్యాష్‌బోర్డులో కనిపిస్తున్నాయి. అన్నీ కాదు, కొన్నే. ఆ కొన్నింటినీ నేను రోజూ పొద్దున్న టీ తాగుతూ చూస్తాను.

దారి కాస్త పక్కకు జరిపినా ఎంత మేలో చెప్పడానికి ఇంకో సంగతి. మన తూర్పు తీరానికి పశ్చిమం నుంచి వచ్చే పెద్ద ఓడలన్నీ శ్రీలంక దక్షిణ కొసను చుట్టి రావాల్సిందే. సరిగ్గా అక్కడే నీలి తిమింగలాలు తిరుగుతాయి. ఓడ గుద్దితే అంత పెద్ద ప్రాణీ బతకదు. 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద కంటైనర్ కంపెనీ తన ఓడల దారిని దాదాపు 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిపింది. ఎవరూ బలవంతం చేయలేదు. మ్యాపు మీద ఒక గీత జరిగిందంతే.

మరి క్రూయిజ్ సంగతి?

ఈ ఏడాది మా అమ్మానాన్నల పెళ్లయి ముప్పై ఏళ్లు. మా చెల్లి క్రూయిజ్ రీల్ ఒకటి పంపి "అన్నయ్యా, వీళ్లను ఇది ఎక్కిద్దాం" అంది. 2022 జూన్‌లో కార్డీలియా ఎంప్రెస్ వైజాగ్ వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఈ కోరిక ఉంది. 2023 సెప్టెంబర్‌లో వైజాగ్‌లో క్రూయిజ్ టెర్మినల్ కూడా మొదలైంది. అమ్మ ఇప్పటిదాకా ఎక్కిన పెద్ద పడవ పాపికొండల లాంచీ. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

కానీ ఈ ఉద్యోగంలో ఉండి కొన్ని తెలియనట్టు ఊరుకోవడమూ కష్టమే. సరుకు ఓడ మోసేది సరుకు. క్రూయిజ్ మోసేది ఒక స్టార్ హోటల్‌ని. స్విమ్మింగ్ పూల్, థియేటర్, పది వంటశాలలు, వందల ఏసీ గదులు. రేవులో ఆగినా కరెంటు కోసం ఇంజిన్లు తిరగాలి, అదీ ఊరి మధ్యలో. 2024లో మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్ నిండా ఎక్కితే ప్రయాణికులే 7,600 మంది. అది ఎల్‌ఎన్‌జీ గ్యాస్‌తో నడుస్తుంది. మసి, సల్ఫర్ బాగా తక్కువ. కానీ ఇంజిన్‌లో కాలకుండా తప్పించుకునే మీథేన్ ఉంటుంది చూశారూ, 20 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడి పుట్టిస్తుంది. అందుకే "గ్రీన్ షిప్" అన్న మాట కనిపిస్తే ఒకసారి ఆగి చదవాలి.

మురుగు సంగతి మరీ విచిత్రం. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు దాటాక, ఓడ కదులుతూ ఉంటే, శుద్ధి చేయని మురుగును కూడా చాలా సముద్రాల్లో వదలొచ్చని అంతర్జాతీయ రూలే ఉంది. మంచి కంపెనీలు రూలుతో పనిలేకుండా శుద్ధి చేస్తాయి. కొన్ని ఉన్న రూలు కూడా పాటించవు. ప్రిన్సెస్ క్రూయిజెస్ ఓడలో నూనె కలిసిన నీళ్లను దొంగ పైపు పెట్టి సముద్రంలోకి వదిలారు. 2013లో అది బయటపెట్టింది ఆ ఓడలో కొత్తగా చేరిన ఓ ఇంజినీరు. కంపెనీ 2016లో తప్పు ఒప్పుకుని 4 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ కుర్రాడు అంత ధైర్యం చేశాడంటే, టిక్ మార్కు కోసం నేను పడ్డ గొడవ ఏపాటిది!

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. అలాస్కాలోని జూనో పట్నంలో 2001లోనే క్రూయిజ్ ఓడకు ఒడ్డు నుంచి కరెంటు వైరు ఇచ్చారు. ఇంజిన్లు ఆపేసి, ఫోన్ ఛార్జింగ్ పెట్టినట్టు ప్లగ్ పెట్టుకోవడమే. వెనిస్ మధ్యలోకి పెద్ద క్రూయిజ్‌లు రాకుండా ఇటలీ 2021 ఆగస్టు నుంచి ఆపింది. నార్వేలో 2015 నుంచే కార్లు మోసే ఫెర్రీ ఒకటి పూర్తిగా బ్యాటరీతో తిరుగుతోంది.

చెల్లీ నేనూ కూర్చుని ఐదు ప్రశ్నలు రాసి, టికెట్లమ్మే ఏజెంటుకు వాట్సాప్ చేశాం. ఓడ ఏ ఇంధనంతో నడుస్తుంది? ఎప్పుడు కట్టింది? స్క్రబ్బర్ ఉంటే కడిగిన నీళ్లు ఎటు పోతాయి? మురుగు శుద్ధి చేస్తారా? రేవులో కరెంటు తీసుకునే ఏర్పాటుందా? "సార్, ఇవి ఎవరూ అడగలేదండీ, కనుక్కుని చెప్తా" అన్నాడు. ఆ ఓడ 1990లో కట్టిందని మాకు మేమే వెతుక్కుని తెలుసుకున్నాం. అంటే నాకంటే వయసులో పెద్దది. మిగతా వాటికి రెండు వారాలైనా జవాబు రాలేదు. అమ్మకు విషయం చెబితే "జవాబు చెప్పలేనోళ్ల ఓడ మనకెందుకురా, రైల్లో రామేశ్వరం పోదాం. సముద్రం అక్కడా ఉందిగా" అంది. ప్రస్తుతానికి రామేశ్వరం టికెట్లే బుక్ అయ్యాయి. ఆ ఏజెంటు జవాబు పంపితే, బాగుంటే, వచ్చే ఏడాది క్రూయిజ్ ఎక్కుతాం. నాకేం పంతం లేదు.

కొత్త నూనె, పాత భయం

మెల్లగా వెళ్లడం, టైముకు చేరడం తక్షణ మందులు. రోగం పూర్తిగా తగ్గాలంటే నూనే మారాలి. 2023లో మెర్స్క్ కంపెనీ లారా మెర్స్క్ అనే కంటైనర్ ఓడను మెథనాల్‌తో నడపడం మొదలుపెట్టింది. అదే ఏడాది పిక్సిస్ ఓషన్ అనే సరుకు ఓడకు 37.5 మీటర్ల ఎత్తున్న రెండు గట్టి రెక్కలు అమర్చారు. తెరచాపలకు మనవలన్నమాట. ఆరు నెలల్లో సగటున రోజుకు 3 టన్నుల ఇంధనం మిగిలిందని లెక్క తేలింది.

ఇంకోటి గ్రీన్ అమ్మోనియా. ఇది మనకు దగ్గరి సంగతి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కాకినాడలో గ్రీన్ అమ్మోనియా ప్లాంటు వస్తోంది. రేపు ఓడలు ఇలాంటి ఇంధనం నింపుకోడానికే మన తీరానికి రావొచ్చు. మా ఊరి కుర్రాళ్లకు ఉద్యోగాలూ రావొచ్చు.

ఈ మాట ఉత్సాహంగా చెబితే బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మోనియా అంటే విషగాలి కదరా. లీకైతే ముందు పోయేది ఇంజిన్ రూములో ఉన్నోడే" అన్నాడు. గ్యాస్ లీకంటే ఏంటో వైజాగ్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన అన్నదాంట్లో నాకు తప్పేం కనిపించలేదు. ఇంధనం మార్చేటప్పుడు లెక్కలో గాలి మాత్రమే కాదు, దాని పక్కన నిలబడే మనిషి కూడా ఉండాలి. ట్రైనింగ్, మాస్కులు, లీకు పట్టే సెన్సర్లు ఇంజిన్‌తో పాటే రావాలి.

2050 నాటికి లేదా ఆ దగ్గర్లో నికరంగా సున్నా పొగకు చేరాలని ఐఎంఓ 2023లో లక్ష్యం పెట్టుకుంది. దాన్ని అమలుచేసే రూల్స్‌కు 2025 అక్టోబర్‌లో ఓటు పడాల్సింది. అమెరికా లాంటి దేశాలు అడ్డం తిరగడంతో ఏడాది వాయిదా పడింది. పెద్దవాళ్లు వాయిదాలు వేసుకుంటూ ఉంటే మనం చేయగలిగింది ఏదైనా ఉందా అంటే, ఉంది. మన రేవుల్లో ఆగిన ఓడలకు ఒడ్డు నుంచి కరెంటు ఎప్పుడిస్తారని అడగొచ్చు. కొత్త టెర్మినల్ కట్టామని రిబ్బన్ కట్ చేసినప్పుడు, ప్లగ్ పాయింట్ ఎక్కడని అడగొచ్చు. క్రూయిజ్ బుక్ చేసేముందు పైన చెప్పిన ఐదు ప్రశ్నలు కాపీ చేసి పంపొచ్చు. పదిమంది అడిగితే ఏజెంటు జవాబు నేర్చుకుంటాడు.

ఈసారి ఆర్కే బీచ్‌కో, కైలాసగిరికో వెళ్తే దూరంగా ఆగి ఉన్న ఓడలను ఓసారి లెక్కపెట్టండి. వాటిలో ప్రతిదాంట్లో ఓ జనరేటర్ తిరుగుతూ ఉంటుంది. దాని పక్కన చెమటలు కక్కుతూ ఎవరి బాబాయో ఉంటాడు.